పైడిదీ ఆడిన అబద్ధం

ఎర్ర పెన్సిలు చెక్కితే వచ్చే చెక్క వాసన మరొకరికి ఏం గుర్తు చేస్తుందో తెలియదు. నాకు మాత్రం ఒకావిడ గొంతు గుర్తొస్తుంది. నిన్న సాయంత్రం ఖరగ్‌పూర్ గోల్‌బజార్ వెనక సందులో, ఒకప్పుడు ఆవిడ కూర్చునే వరండాలోనే, ఆవిడ బల్ల మీదే పెన్సిలు చెక్కుకుంటూ ఉన్నాను. ఒకాయన గుమ్మంలోకి వచ్చాడు. హైకోర్టు జడ్జి పదవికి ఒక వకీలు పేరు వెళ్ళిందనీ, మనిషి ఎలాంటివాడో నాలుగు మాటలు చెప్పాలనీ అడిగాడు. పేరు వినగానే పెన్సిలు పక్కన పెట్టేశాను. అదే పేరు పట్టుకుని ఐదేళ్ళ కిందట ఇంకొకాయన ఈ వరండాకి వచ్చాడు.

ఆవిడ పేరు పైడితల్లి. విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరిన ఫిట్టరు కూతురు. వకీలు. కోర్టులో బెంగాలీ గుమస్తాలు పైడక్క అన్నట్టుగా పైడిదీ అని పిలిచేవారు, విని విని తెలుగువాళ్ళమూ అలాగే పిలిచాం. నేను జూనియర్‌గా చేరిన మొదటి వారం, ఒక గోడ తగాదాలో క్లయింటు తరఫున అఫిడవిట్ రాసి ఆవిడ ముందు పెట్టాను. మూడో వాక్యం పక్కన ఎర్ర గీత పడింది.

"ఇది ఆ మనిషి కళ్ళతో సూసిందా, ఎవులైనా సెప్తే ఇన్నదా?"

"అడగలేదు మేడమ్."

"అడిగిరా. సైకిలుంది కదా."

ఆ మనిషి ఇల్లు ఇందా అనే పేటలో. మిట్టమధ్యాహ్నం సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి అడిగి వచ్చాను. విన్నదేనట. వాక్యం మార్చి రాసేదాకా ఆవిడ నన్ను భోజనానికి వెళ్ళనివ్వలేదు. ఆ రోజు మనసులో బాగానే తిట్టుకున్నాను.

నాకు మగవాళ్ళంటేనే ఇష్టమని నేనెవరికీ చెప్పుకోలేదు. నాతో ఒకే గదిలో ఉండే సుదీప్ లోకానికి రూమ్మేటు. మా ఇద్దరికీ మాత్రం అది కాపురం. ఒకరోజు వానలో నా టిఫిన్ డబ్బా పట్టుకొచ్చి గేటు దగ్గరే నిలబడిపోయాడు. పైడిదీ ఫైలు నుంచి తలెత్తారు. "ఆ అబ్బాయిని తడిపేస్తన్నావేటిరా? లోపలికి రమ్మను. ఓ కుర్సీ ఎయ్యి." మర్నాటి నుంచి వరండాలో మూడో కుర్చీ ఉండిపోయింది. ఆవిడ ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆవిడకి తెలుసని మాత్రం నాకు అర్థమైంది.

ఆ మరుసటి ఏడు ఇద్దరమ్మాయిల కేసు వచ్చింది. ఇద్దరూ మేజర్లు, ఇష్టపడి కలిసి ఉంటున్నారు. ఒకమ్మాయి తండ్రి, తన కూతుర్ని రెండో అమ్మాయి ఎత్తుకుపోయిందని కేసు పెట్టాడు. అమ్మాయిల తరఫున పైడిదీ, తండ్రి తరఫున ఒక పేరున్న వకీలు. కూతురు సాక్ష్యం చెప్పడానికి నిలబడగానే ఆయన, "ముందు ఇది చెప్పమ్మా, మీ ఇద్దరిలో మొగుడెవరు?" అన్నాడు. కోర్టంతా గొల్లున నవ్వింది. ఇలాంటివాళ్ళ మాట సాక్ష్యం కిందకి రాదని కూడా అన్నాడు. ఆ అమ్మాయి తన చెప్పులు చూసుకుంటూ నిలబడింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎవరైనా నా మొహం వంక చూస్తారేమోనని, పక్కవాళ్ళ కంటే కాస్త గట్టిగానే నవ్వాను. పైడిదీ వెనక్కి తిరిగి ఒకసారి చూసి, మళ్ళీ కాగితాల్లోకి వంగారు. అమ్మాయిలు గెలిచారు. నా నవ్వు గురించి ఆవిడ ఆ రోజే కాదు, తరువాతా ఎత్తలేదు.

రెండేళ్ళకి ఆ వకీలు పేరే జడ్జి పదవికి వెళ్ళింది. అలా వెళ్ళినప్పుడు సర్కారు తరఫున ఒక మనిషి వచ్చి తోటి వకీళ్ళని ఆరా తీస్తాడు. పెళ్ళి సంబంధం గురించి పక్కింటివాళ్ళని అడిగినట్టే ఉంటుంది వ్యవహారం. అందరూ బంగారంలాంటి మనిషే అంటారు. మా వాళ్ళూ అన్నారు. ఇక్కడికి వచ్చినాయన శ్రీకాకుళం మనిషి కావడంతో మాటలు తెలుగులోనే నడిచాయి.

"సట్టం బాగా తెలుసు. లంచం ముట్టడు. అదీ రాసుకోండి," అని మొదలుపెట్టి, పైడిదీ ఆ రోజు కోర్టులో జరిగింది చెప్పారు.

"ఒక్క మాటకేనా, దీదీ?"

"అలాటోళ్ళు రేపు ఆయన ముందు నిలబడతారు కదా. నోరిప్పకముందే ఆళ్ళ సాక్ష్యం కొట్టేసినోడు, కుర్సీ ఎక్కినాక ఏటి ఇంటాడు?"

ఆయన రాసుకున్నాడు. "అక్కడున్నవాళ్ళెవరూ ఈ మాట చెప్పలేదు. మీ జూనియర్ విన్నాడా?"

నా చేతిలో ఫైలు ఉంది. అందులోకి తల దించుకున్నాను.

"నేదు," అన్నారు పైడిదీ. "ఆ రోజు ఈడికి జొరం. రానేదు."

"ఠీక్ హై," అని ఆయన లేచాడు. ఆయన వెళ్ళాక, ఎందుకలా చెప్పారని అడిగాను.

"నువ్వున్నావని సెప్తే, తరవాత నిన్నేటి అడుగుతారో నాకు తెల్దా? నీ సంగతి నా నోటంట రాకూడదు. సెప్పాలనిపించిన్నాడు నువ్వే సెప్పు."

ఆ పేరు అప్పటికి ఆగింది, ఎందుకు ఆగిందో తెలియదు. కానీ పైడిదీ ఏం చెప్పారో కోర్టులో పొక్కింది. బార్ రూములో ఆవిడ పక్క కుర్చీలు ఖాళీగా ఉండేవి, కేసులు పల్చబడ్డాయి. ఆవిడ మాత్రం ఎప్పటిలాగే పదిన్నరకి కోర్టుకి వచ్చేవారు. నాకు సిగ్గుగా ఉండేది. పోయిన చలికాలం ఆవిడ చనిపోయారు. ఆ సిగ్గు నాతోనే ఉంది.

నిన్న వచ్చినాయనకి తెలుగు రాదు, హిందీలోనే అడిగాడు. "అప్పట్లో ఒకావిడ ఏదో ఆరోపించారట. బలపరిచేవాళ్ళు లేక పక్కన పెట్టారు. మీరేమైనా విన్నారా?"

సుదీప్ మూడో కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. నేను అతని వైపు చూశాను. పేపరు దించి, తలూపాడు.

"విన్నది కాదు, చూసింది," అన్నాను. "రాసుకోండి. ఆ రోజు నాకు జ్వరం లేదు. కోర్టులోనే ఉన్నాను. నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఎందుకు నవ్వానో కూడా చెబుతాను. ముందు, ఈ సుదీప్ నాకేమవుతాడో రాసుకోండి."