మామిడితోటకు వచ్చిన అమ్మవారు

నిన్న పొద్దున టీ తాగుతూ ఫోన్ తెరిచేసరికి మా తోడికోడలు పంపిన ఆహ్వానం వచ్చి ఉంది. వెనకాల ఎర్ర రంగు, చుట్టూ మందారాలు, మధ్యలో మాతాజీ నవ్వు. శని, ఆదివారాలు అమ్మవారి ఆరాధన, వసతి భోజనం ఉచితం, స్త్రీలు ఎర్ర చీరలో రావాలి, ఫోన్లు మ్యూట్‌లో పెట్టుకోవాలి, మనసు ఖాళీ చేసుకుని రావాలి. ఆ చివరి షరతు మా తోడికోడలి గుంపుకు ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేదు. కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టి, "ఈసారైనా మనస్ఫూర్తిగా రా చెల్లీ" అని రాసింది. ఈసారైనా అంటే, క్రితంసారి నేను వచ్చి కార్యక్రమం పాడుచేశానని ఆమె ఉద్దేశం. ఆ క్రితంసారి సంగతేమిటో చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

మా అత్తగారి వాళ్లది కృష్ణా జిల్లా. మా మామగారు అక్కడి పొలం అమ్ముకుని వచ్చి, ఏన్కూరు అవతల అడవి మొదలయ్యే చోట చవకగా దొరికిన నేల కొని మామిడితోట వేశారు. నేను మాత్రం కారేపల్లి పిల్లను. పెళ్లయిన కొత్తలో నేను 'ఏంది' అన్నప్పుడల్లా మా తోడికోడలు 'ఏంటి' అని దిద్దేది. దవాఖానా అంటే ఆసుపత్రి అనమనేది, జల్దీ అంటే త్వరగా అనమనేది. నాకు జుట్టు నెరిసింది గానీ ఆమె దిద్దడం మానలేదు, నేను మారనూ లేదు. మనిషి మంచిదే, కాకపోతే ఏది పట్టుకున్నా ఊరందరి చేతా పట్టించాలి. ఒక ఏడాది నవ్వుల క్లబ్బు అంది. మేమంతా తోటలో నిలబడి నవ్వు రాకపోయినా హహహా అని అరిస్తే, కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. ఇంకో ఏడాది కలబంద రసం అంది, చుట్టాలందరి కడుపులూ కదిలించి వదిలింది. ఆ తర్వాత హైదరాబాదులో ఎవరి పెళ్లిలోనో మాతాజీ దొరికింది. దాంతో మామిడికాయలు ఏరి పెట్టెల్లో సర్దే రేకుల షెడ్డుకు టైల్స్ పడ్డాయి, గోడలకు ఎర్ర రంగు పడింది, దాని పేరు ధ్యానమందిరం అయింది. కాయలు చెట్ల కింద ఎండలో ఏరుకోవడం మొదలైంది.

ఆ క్రితంసారి, శనివారం పొద్దున్నే ఖమ్మం నుంచీ మధిర నుంచీ కార్లు దిగాయి. ఎర్ర చీరల మధ్య నేనొక్కదాన్నే ఆకుపచ్చ చీరలో ఉన్నాను. ఎర్రది లేక కాదు, చెప్పారని కట్టుకోవడం ఇష్టం లేక. వెళ్లడం మాత్రం ఎందుకు వెళ్లానంటే, ఒకటి మా తోడికోడలి పోరు, రెండు ఆమె వంటమనిషి చేసే పనసపొట్టు కూర. మాతాజీకి యాభై దాటి ఉండవు. విరబోసిన జుట్టు, నుదుట పెద్ద కుంకుమ బొట్టు, చెవి మీదుగా నోటి దగ్గరకు వంగిన మైకు. ఉన్న రెండు కూలర్లూ ఆమె వైపే తిప్పారు, భక్తులు ఆహ్వానపత్రికలతో విసురుకున్నారు. వైబ్రేషన్ అంటుంది, డివైన్ ఎనర్జీ అంటుంది, మధ్య మధ్యలో శ్రీమాత్రే నమః అంటుంది. సాయంత్రం కళ్లు మూసుకుని చాలాసేపు ఊగి, "రేపు మధ్యాహ్నం హారతిలోపు అమ్మ ఎవరో ఒకరి రూపంలో మన మధ్యకు వస్తుంది. గుర్తుపట్టడం మీ అదృష్టం" అని ప్రకటించింది. అప్పటి నుంచి ఆ ఎవరో ఒకరు తామేనేమోనని సగం మంది జుట్టు ముడులు విప్పుకుని కూర్చున్నారు. బ్యాంకులో మేనేజరుగా చేసిన ఒకావిడ ఫలహారం దగ్గర రెండుసార్లు ఊగి చూసింది గానీ ఎవరూ పట్టించుకోలేదు, ఇడ్లీ తిని ఊరుకుంది.

షెడ్డు ఊడ్చి ముగ్గులు పెట్టడానికి వాగు అవతలి కోయగూడెం నుంచి ఒక పిల్ల వచ్చేది. ఇంటి దగ్గర చంటివాడున్నాడు. వాళ్ల అత్త చూసుకుంటుంది. మధ్యలో పాలివ్వడానికి గూడేనికి పోయి వస్తుంటే, "పని చేసే టైం కంటే నడిచే టైమే ఎక్కువ" అని మా తోడికోడలు సణిగింది. శనివారం సాయంత్రం ఆ పిల్ల కుళాయి దగ్గర తల పట్టుకుని కూలబడి ఉంది. ఏమైందంటే, "తలకాయ నొస్తున్నదమ్మా, ఒళ్లు నొప్పులు" అంది. ఇంటికి పొమ్మని పంపించాను. లోపల మాతాజీ ప్రతి స్త్రీలోనూ అమ్మవారిని చూడమని మైకులో చెప్తూనే ఉంది.

ఆదివారం పొద్దున ఆ పిల్ల అత్త మా తోడికోడలికి ఫోన్ చేసింది. "అమ్మా, ఇయ్యాల మా కోడలు పనికి రాదు. అమ్మవారొచ్చింది. ఒళ్లు కాలిపోతున్నది" అని చెప్పింది. కారేపల్లిలో పుట్టిన ఎవరికైనా ఆ మాటకు అర్థం ఒక్కటే. ఒంటి మీద పొక్కులు వచ్చాయని. రోగమని పేరు పెట్టి పిలిస్తే అమ్మ కోపగించుకుంటుందని మా వైపు ఎవరూ దానికి వేరే పేరు పలకరు. గుమ్మానికి వేపరొట్ట కడతారు, నీళ్లలో పసుపు వేస్తారు, తగ్గేదాకా ఇంట్లో తాలింపు పెట్టరు. మా తోడికోడలి వైపు దాన్ని ఆటలమ్మ అంటారు. పైగా ముందురోజు సాయంత్రం నుంచి ఆమె చెవిలో మాతాజీ మాట తప్ప ఇంకేదీ దూరే స్థితి లేదు. అమ్మవారు వచ్చింది అన్న మాట వినగానే ఆమెకు ఒళ్లు పులకరించిపోయింది. "కారు పంపిస్తున్నా, జాగ్రత్తగా ఎక్కించు" అని ఫోన్ పెట్టేసి, మాతాజీ గదికి పరుగెత్తింది. అవతల ఆ అత్తమ్మ, అమ్మగారు కోడల్ని దవాఖానాకు తీసుకుపోతున్నారు కాబోలు, ఎంత మంచి మనసు అనుకుని, పిల్లను ఎక్కించి చంటివాణ్ని తన దగ్గర ఉంచుకుంది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ సమయానికి నేను వంటింట్లో కాఫీ చల్లగా ఉందని పోట్లాడుతున్నాను. శంఖం ఊదిన చప్పుడు విని షెడ్డులోకి వచ్చేసరికి మాతాజీ పక్కన రెండో కుర్చీ వేసి, దానిలో ఆ పిల్లను కూర్చోబెట్టి ఉన్నారు. గూడెంలో రాసిన పసుపు మీద వీళ్లు ఇంకో చెంబెడు పసుపు పూసి, నుదుట కుంకుమ మెత్తి, ఎర్ర పట్టుచీర చుట్టి, మెడలో దండ వేశారు. చేతిలో వేపరొట్ట ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్నదే. వీళ్లకు అదీ గుర్తుగానే కనిపించింది. ఆ పిల్ల చలికి వణికిపోతోంది. వణికినప్పుడల్లా ఆడవాళ్లు అమ్మా అని అరిచి దండం పెడుతున్నారు. జ్వరం మగతలో తన గూడెం మాటలో ఏదో గొణుగుతోంది. తెలుగు కాని ప్రతి మాటా మాతాజీకి దేవభాషే. "అమ్మ మూలభాషలో పలుకుతోంది, అందరూ మౌనంగా ఉండండి" అని మైకులో అంది. కాసేపటికి ఆ గొణుగుడులో పాలు అనే మాట వినిపించింది. పాలు, పాలు అని రెండుమూడుసార్లు అంది. "అమ్మ పాలు అడుగుతోంది!" అంది మాతాజీ. అంతే, వంటింట్లో పరమాన్నం కోసం పెట్టిన పాలన్నీ బిందెల్లో వచ్చాయి. ఒక్కొక్కరే వరసలో నిలబడి ఆ పిల్ల కాళ్ల మీద పాలు పోసి, కిందికి కారినవి తల మీద చల్లుకున్నారు.

"నువ్వూ పొయ్యి చెల్లీ, నీ మోకాళ్ల నొప్పి పోతుంది" అని మా తోడికోడలు నా చేతికి చెంబిచ్చి ముందుకు నెట్టింది. దగ్గరికి వెళ్లాక చూశాను. పసుపు కింద మెడంతా నీటి పొక్కులు. పట్టుచీర కప్పిన రవిక రొమ్ముల దగ్గర తడిసిపోయి ఉంది. ఆ తడి వీళ్లు పోసిన పాలది కాదు. ఆ పిల్ల నా వైపు చూసి, ఈసారి తెలుగులోనే, "అమ్మా, పోరనికి పాలియ్యాలె, ఇంటికి పంపుండ్రి" అంది. "అక్కా, ఈ పిల్లకు అమ్మవారు వచ్చింది" అన్నాను. "మేమంటున్నదీ అదేగా" అంది మా తోడికోడలు. "ఆ అమ్మవారు కాదు, ఈ అమ్మవారు" అని మెడ మీద గుడ్డ తొలగించి చూపించాను. మాతాజీ ఒక్క చూపు చూసింది. ఆమెకు అర్థమైందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. అయినా మైకులో, "అవి శక్తి బయటికి వస్తున్న గుర్తులు. ఇక్కడ ఎవరో నెగెటివ్ ఎనర్జీతో ఉన్నారు, కాస్త పక్కకు తీసుకెళ్లండి" అంది. నన్ను పక్కకు లాగిన ఇద్దరిలో ఒకామె బయాలజీ టీచరు. ఆమె దగ్గర చదువుకున్న పిల్లల గతి తలుచుకుని నేనా క్షణంలో కూడా జాలిపడ్డాను.

అప్పుడు గేటు దగ్గర చంటిబిడ్డ ఏడుపు వినిపించింది. కోడలు ఎంతకీ రాకపోయేసరికి ఆ అత్తమ్మ మనవణ్ని చంకనేసుకుని వాగు దాటి ఎండలో నడిచి వచ్చింది. షెడ్డులోకి వచ్చి, కుర్చీలో కోడల్ని చూసి, ఒక్క నిమిషం గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక ఆమె గొంతుకు మైకు అవసరం లేకపోయింది. "ఏందమ్మా ఇది? దవాఖానాకు తోలుకపోతరని గద కారెక్కిచ్చిన! ఒళ్లంత అమ్మవారు పోసి మనిషి కాలిపోతుంటే గిట్ల కుర్చీల కూసోబెట్టి ఆటలాడుతున్నరా? పోరడు పాలకేడ్సి ఏడ్సి గొంతు పోయింది!" అంది. వరసలో ఎవరో సన్నగా "చికెన్‌పాక్స్" అన్నారు.

ఆ ఇంగ్లీషు మాటకు ఉన్న మహిమ నేను ఏ మంత్రానికీ చూడలేదు. అప్పటిదాకా కాళ్ల దగ్గర కారిన పాలు నెత్తిన చల్లుకున్నవాళ్లు కుళాయి దగ్గర తోసుకున్నారు. బ్యాంకు మేనేజరమ్మ తలంతా సబ్బుతో రుద్దుకుంటూ ఏడ్చింది. మాతాజీ సంచీలోంచి శానిటైజరు తీసి మోచేతుల దాకా పూసుకుని, "నాకు ఇమ్యూనిటీ తక్కువ" అని చెప్పి, హారతి కూడా ఇవ్వకుండా కారెక్కింది. దుమ్ము రేగింది, షెడ్డు ఖాళీ అయింది. కుర్చీలో ఆ పిల్ల, పాలల్లో తడిసిన కాళ్లతో, అలాగే ఉంది. దండ కూడా ఎవరూ తియ్యలేదు. తియ్యాలంటే తాకాలి కదా.

నేను ఆ పిల్లను లేపి, నా మీద ఆనించుకుని మా తోడికోడలి దగ్గరకు నడిపించుకెళ్లి, కారు ఇమ్మన్నాను, ఏన్కూరు దవాఖానాకు తీసుకెళ్తాను అన్నాను. "ఆ సీట్లు డెట్టాలుతో కడిగిస్తున్నాను, మళ్లీ ఎక్కిస్తే ఎలా? మనింట్లో పిల్లలు తిరగరూ?" అంది. తీసుకురావడానికి పనికొచ్చిన కారు తీసుకెళ్లడానికి పనికిరాదట. పైగా, "మా వైపు ఆటలమ్మ అంటాం. ఆవిడ అమ్మవారు అంటే నేనేమనుకుంటాను? తెలుగు సరిగ్గా చెప్పాలిగా" అంది. ఇన్నేళ్ల కాపురంలో నేను ఆమెను చెంప మీద కొట్టాలనుకున్నది ఆ ఒక్కసారే. కొట్టలేదు. చేతిలో ఆ పిల్ల బరువుంది.

ఆటోకు ఫోన్ చేసి, వేపచెట్టు నీడలో ఆమెను కూర్చోబెట్టి, దండ నేనే తీసి పారేశాను. నాకు చిన్నప్పుడే వచ్చి పోయింది కాబట్టి భయం లేదు. అత్తమ్మ చంటివాణ్ని ఒడిలో పెట్టగానే వాడు రొమ్ము పట్టుకుని ఎక్కిళ్ల మధ్య తాగడం మొదలుపెట్టాడు. ఆ తాగే చప్పుడు తప్ప తోటలో ఇంకే చప్పుడూ లేదు. నాకు ఏడుపొచ్చింది. భక్తితో కాదు, ఒళ్లు మండి. దవాఖానాలో డాక్టరు మందులిచ్చి, బిడ్డను కనిపెట్టుకుని ఉండమన్నాడు. తర్వాత వాడికీ నాలుగు పొక్కులు లేచి మాడిపోయాయట.

ఇప్పుడు మా తోడికోడలి గుంపులో ఈ కథ వేరేగా నడుస్తోంది. ఆనాడు అమ్మ స్వయంగా వచ్చి కుర్చీలో కూర్చుందనీ, ఒక అవిశ్వాసి అడ్డుపడితే అలిగి వెళ్లిపోయిందనీ మాతాజీ మధిరలో కూడా చెప్పిందట. ఆకుపచ్చ చీర ప్రస్తావన కూడా ఉందట. నన్ను అవిశ్వాసి అన్నందుకు నాకు బాధ లేదు. ఆ గుంపులో విశ్వాసిగా పేరు తెచ్చుకుంటే అది పెద్ద బాధ.

ఆ పిల్ల మళ్లీ ఆ తోట పనికి పోలేదు. ఈమధ్య ఏన్కూరు సంతలో కనిపించింది. నుదుట ఒక మచ్చ తప్ప ముఖం తేటగా ఉంది, పిల్లాడు ఆమె కొంగు పట్టుకుని బెల్లం కోసం మారాం చేస్తున్నాడు. ఆ రోజు ఏమైనా గుర్తుందా అని అడిగాను. నవ్వింది. "ఒళ్లు తెలుస్తలేదమ్మా నాకు. పసుపు రాసిండ్రు, కొత్త చీర జుట్టిండ్రు, దండేసిండ్రు, అందరు అమ్మా అమ్మా అని ఏడుస్తున్నరు. సచ్చిపోయిన్నేమో అనుకున్న. సచ్చినోళ్లకే గద అట్ల జేస్తరు. అయ్యో, పోరనికి పాలియ్యకుండనే పోయిన్నే అనుకున్న" అంది. పిల్లాడికి బెల్లం కొనిచ్చి ఆటో ఎక్కింది. నేను సంచీ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆ షెడ్డులో మాకందరికీ గడిచింది ఒక ఆదివారం పొద్దు మాత్రమే. తాను చచ్చిపోయాననుకుని, బిడ్డ ఆకలితో ఉన్నాడనుకుంటూ ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఆ పొద్దు ఎంతసేపటికి గడిచి ఉంటుంది?