పోలారావు గారిని అడిగొస్తాను

జిరాక్స్ కొట్టు చంద్రమౌళికి ఒకటే జబ్బు: ఎవరినో ఒకరిని అడగనిదే ఏ పనీ చెయ్యడు. వాన మొదలైతే గొడుగు తియ్యమంటారా అని పక్కకొట్టువాణ్ణి అడిగి, జవాబొచ్చేలోపు తడిసి ముద్దయ్యే మనిషి. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందా అని పెద్దలంటే, "మీరేటంటారు?" అని పిల్లనే అడిగాడు. ఆ పిల్ల దమయంతి. ఇన్నేళ్లయినా ఈ మొగుడు ఆమెకు అర్థం కాలేదు.

ఎదురింటి పోలారావు నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసి మానేశాడు. భార్య పోయాక గుమ్మం దాటడమూ మానేశాడు. ఆవిడ ముచ్చటపడి పెంచుకున్న గోల్డ్ ఫిష్‌లను చూడలేక, "ఒట్టుకెళ్లిపో బాబూ" అని తొట్టితో సహా చంద్రమౌళికిచ్చేశాడు. తీరా తెచ్చాక కొన్ని చేపల ఒంటినిండా ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లమచ్చలు. అవి గులకరాళ్లకి ఒళ్లు రుద్దుకుంటుంటే దమయంతికి గుండె జారిపోయింది. పోయినావిడ చేపలు తమ ఇంట్లో చస్తే ఆ పెద్దాయనకి మొహమెలా చూపించడం?

చంద్రమౌళి అడగడం మొదలెట్టాడు. స్టేషన్ దగ్గర చేపల షాపువాణ్ణి అడిగాడు. అక్కడితో ఆగితే చంద్రమౌళి ఎందుకవుతాడు? ఆటోవాణ్ణి, పురోహితుణ్ణి, బ్యాంకు క్యూలో ముందు నిలబడ్డాయన్ని కూడా అడిగాడు. ఒకరు వేపాకన్నారు, ఒకరు పసుపన్నారు, పురోహితుడు దిష్టన్నాడు. దమయంతికి బుర్ర తిరిగిపోయింది.

ఆమె జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చేస్తుంది, మంచిపప్పునీ మచ్చపప్పునీ వేరుచేసే పని. మచ్చ కనిపిస్తే చెయ్యి ఆగదు. మచ్చచేపల్ని బకెట్లోకి ఏరేసి, మంచివాటిని తొట్టిలో ఉంచింది. కొన్నాళ్లకి బకెట్లోవి నున్నగా మెరుస్తున్నాయి, తొట్టిలోవాటికి మచ్చలొచ్చాయి. అటువి ఇటు, ఇటువి అటు మార్చింది. మచ్చలూ మారాయి. పప్పుకున్న నిలకడ కూడా ఈ చేపలకి లేదేమిటని పాపం తలపట్టుక్కూర్చుంది.

"అలా ఏరకూడదట, సేపల షాపువాడు సెప్పాడు," అన్నాడు చంద్రమౌళి. "మచ్చ రాలితే తగ్గినట్టు కాదు. ఆ పురుగు అడుక్కెళ్లి పిల్లల్ని పెట్టి మళ్లీ పట్టుకుంటాది. అన్నింటినీ తొట్లోనే ఉంచి, నీళ్లు మెల్లగా ఏడి సేసి, ఉప్పెయ్యాల. రోజూ అడుగునీళ్లు తియ్యాల. మచ్చలు పోయినా కొన్నాళ్లు మానకూడదు."

"మరింకేటి, ఎయ్యండి."

"ఉప్పెంతో పోలారావు గారిని అడిగొత్తాను."

ఎవరికి తెలియకూడదని ఆమె బెంగపడుతోందో సరిగ్గా ఆయన్నే! దమయంతి వంటింట్లోకి పోయి దాక్కుంది.

పోలారావు రానే వచ్చాడు. తొట్టి మీదికి వంగి ఒక్కో చేపనీ చూశాడు. తర్వాత వాళ్లింటి ఉప్పు వేళ్ల మధ్య నలిపి చూసి, ఇది ఉప్పేనా అని తిట్టి, ఇంటికెళ్లి తన ఉప్పు తెచ్చాడు. మర్నాడు నీళ్ల వేడి గురించి, ఆ మర్నాడు అడుగునీళ్ల గురించి చంద్రమౌళి వెళ్లి అడిగాడు. ఆ తర్వాత అడగనక్కర్లేకపోయింది. పొద్దున్నే ఆయనే వచ్చి, చేపల్ని భార్య పెట్టిన పేర్లతో పిలుస్తూ, చంద్రమౌళిని చేతకానివాడని తిడుతూ కాఫీ తాగేవాడు. చేపలు బాగయ్యాక తొట్టి తన ఇంటికి పట్టించుకుపోయాడు.

ఆ వారమే చేపల షాపువాడు దమయంతికి ఎదురై, తనిచ్చిన ఉప్పు కొలతగ్లాసు పనికొచ్చిందా అని అడిగాడు. ఆమె నేరుగా ఇంటికొచ్చింది.

"ఉప్పెంతో మీకు ముందే తెలుసా?"

"ఉప్పు తెలుసు," అన్నాడు చంద్రమౌళి నసుగుతూ. "ఆయన్ని గుమ్మం దాటించడమెలాగో తెలీనేదు. ఇప్పుడీ సంగతి ఆయనకి సెప్పమంటావా, వద్దా?"

దమయంతికి నవ్వూ వచ్చింది, ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమా వచ్చింది.

"పోలారావు గారినే అడగండి."

చంద్రమౌళి లేచి చెప్పులేసుకున్నాడు. ఆమె చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.