వెచ్చటి ఇంజను

మునిశేఖర్‌కి లారీ గురించి తెలిసినంత తన ఒంటి గురించి తెలియదు. జ్వరం వస్తే రెండు రోజులకు గానీ కనిపెట్టుకోడు. బండిలో ఒక్క బోల్టు వదులైతే మాత్రం ఆ గలగల ఎక్కడిదో ఊరు దాటేలోపల చెప్పేస్తాడు. పదహారో ఏట చిత్తూరులో క్లీనరుగా ఎక్కాడు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఎవరెవరివో బండ్లు తోలాడు. బెంగుళూరుకి మామిడి గుజ్జు డ్రమ్ములు, చెన్నైకి టమోటాలు, తిరుగుదారిలో ఏది దొరికితే అది. అలాంటి మనిషి పాత లారీ కొని మోసపోయాడంటే వినేవాళ్ళకు నవ్వొస్తుంది. నవ్వుకునేవాళ్ళు కాసేపు ఆగి, ఎలా మోసపోయాడో కూడా వినాలి.

లారీ చూడ్డం అతనికి నేర్పింది ధనంజయ మేస్త్రీ. చిత్తూరు బైపాసు పక్కన రేకుల షెడ్డు ఆయనది. క్లీనరుగా ఉన్న రోజుల్లో మునిశేఖర్ ఆ షెడ్డులోనే తిని, ఆ షెడ్డులోనే పడుకుని, స్పానర్ల నంబర్లు అక్షరాల కంటే ముందు నేర్చుకున్నాడు. నాయన చనిపోతే తలకొరివికి పక్కన నిలబడిందీ ఆయనే, పెళ్ళికి పిల్లను చూడ్డానికి వెంట వచ్చిందీ ఆయనే. మునిశేఖర్ ఆయన్ని అన్నా అని పిలిచేవాడు గానీ, మనసులో ఉన్న వరస వేరు.

మేస్త్రీకి మూడు పట్టింపులు ఉండేవి. మొదటిది ఇంజను సంగతి.

"పాత బండి కొనేవోడు తెల్లారే పాటికే ఆడుండాల్రా," అనేవాడు. "ఓనరు పండ్లు తోముకోక ముందే పోయి, ఫస్టు ఇంజను మింద సెయ్యి పెట్టి సూడు. సల్లగా ఉంటేనే తాళం తిప్పమను. వెచ్చగా ఉండాదంటే వాడిచ్చే టీ కూడా తాగొద్దు, వచ్చెయ్."

చల్లటి ఇంజను అబద్ధం చెప్పలేదని ఆయన సిద్ధాంతం. ఎన్ని తిప్పులకు అందుకుంటుంది, ఏ రంగు పొగ వదులుతుంది, అన్నీ ఆ మొదటి నిమిషంలోనే బయటపడతాయి. ముందుగా తిప్పి వేడెక్కించి పెట్టిన ఇంజను ఎంత రోగాన్నైనా కడుపులో దాచుకుంటుంది.

రెండోది పసుపు రంగు. తను బిగించిన ప్రతి బోల్టు తల మీదా అగ్గిపుల్లతో చిన్న పసుపు గీత పెట్టేవాడు. తర్వాత ఇంకెవరైనా విప్పితే ఆ గీత తప్పుతుంది. అది నా సంతకంరా అని మురిసిపోయేవాడు.

మూడోది కాణిపాకం. ఆయన షెడ్డు నుంచి బండి కొత్త ఓనరు చేతికి పోతుందంటే, మొదట కాణిపాకం వినాయకుడి దగ్గర పూజ జరగాల్సిందే. క్యాబిన్‌లో ఎడమ పక్క కూర్చుని తనూ పోయి, టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి గానీ తాళం ఇచ్చేవాడు కాదు. ఆ స్వామి ముందు అబద్ధం ఆడితే ఏమవుతుందో చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. ఊళ్ళో తగాదాలు తెగకపోతే ఇప్పటికీ కాణిపాకంలో ప్రమాణం చేస్తావా అనే అడుగుతారు.

సొంత బండి కొందామన్నది మునిశేఖర్ కాదు, అతని భార్య జ్ఞానాంబ. "ఇంకెన్నేండ్లు ఒకరి బండికి డ్రైవరుగా ఉంటావు?" అని ఊరుకోకుండా, తను సాకిన మూడు జెర్సీ ఆవుల్లో రెండింటిని అమ్మడానికి సిద్ధపడింది. వాటిని ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నప్పుడు మాత్రం ఇంట్లోంచి బయటికి రాలేదు. మిగతాది ఫైనాన్సు. ఓనరు దగ్గర పని మానేసి వచ్చేశాడు మునిశేఖర్. ఇక వెనక్కి పోయే దారి లేదు, కొన్న బండి నడవాలి, అంతే.

బండి చూడ్డానికి మేస్త్రీని వెంటబెట్టుకు తిరిగాడు. తిరుపతిలో ఒకటి చూశారు. పెళ్ళికొడుకులా రంగులేసి పెట్టారు గానీ, కింద దూరి చూస్తే ఛాసిస్ చట్రానికి అతుకు. గూడూరులో నిమ్మకాయలు తోలే బండి ఒకటి చూశారు. తెల్లారి ఐదున్నరకు చెయ్యి పెడితే ఇనుము జిల్లుమంది, ఒక్క తిప్పుకే అందుకుంది. మునిశేఖర్ కళ్ళు మెరిశాయి. మేస్త్రీ మాత్రం పెదవి విరిచాడు.

"సముద్రం పక్క బండిరా ఇది. ఉప్పుగాలికి రెండేండ్లలో తుప్పు పట్టిపోతాది."

మునిశేఖర్‌కి ఆ మాట రుచించలేదు, అయినా ఎదురు చెప్పలేదు. ఆ నిమ్మకాయల బండి ఈ రోజుకీ నిక్షేపంగా తిరుగుతోంది.

పది రోజుల తర్వాత మేస్త్రీయే ఫోన్ చేశాడు. "వేలూరు పార్టీ బండి ఒకటి వచ్చిండాది, మన షెడ్డుకే. నీ కోసరమే పెట్టినా. పొద్దున్నే రా."

ఆరింటికల్లా పోయాడు మునిశేఖర్. బండి షెడ్డులో ఉంది. అలవాటు కొద్దీ క్యాబిన్ ఎత్తి, ఇంజను మీద చెయ్యి పెట్టాడు.

వెచ్చగా ఉంది.

తలెత్తి మేస్త్రీ వైపు చూశాడు. ఆయన చేతులు తుడుచుకుంటున్నాడు.

"దావకి అడ్డముంటే గేటు కాడి నుండి ఇప్పుడే లోపలికి తెచ్చి పెట్టినాలేరా," అన్నాడు.

గేటు దగ్గర నుంచి షెడ్డులోకి ఇరవై అడుగులు. ఇరవై అడుగులకు ఇంజను వెచ్చబడదని మునిశేఖర్‌కి నేర్పింది ఆయనే. సరే అన్నా, రేపు పొద్దున వస్తాను, అంతదాకా తిప్పొద్దు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. కానీ ఎవరితో అనాలి? తనకు అన్నం పెట్టిన మనిషితో, నీ మీద నాకు నమ్మకం లేదని ఏ నోటితో అంటాడు? అనుమానం వచ్చినందుకే సిగ్గుపడ్డాడు పిచ్చివాడు. చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకుని, బండి బాగుందిన్నా అన్నాడు.

కాగితాలు అయిపోయాయి. కాణిపాకం పోవాల్సిన రోజు మునిశేఖర్ భార్యను క్యాబిన్ ఎక్కించుకుని, ఎడమ పక్క సీటు తుడిచి, షెడ్డు ముందు హారన్ కొట్టాడు. మేస్త్రీ బయటికి వచ్చాడు గానీ బండి దగ్గరికి రాలేదు.

"నేను గుడికి రాకూడదురా. మైల వచ్చిండాది."

"అయ్యో, ఎవురు పోయినార్నా?"

"దాయాదిలే, దూరం. నీకు తెల్దు."

"కర్మాంతరం ఎప్పుడు? నేనూ వస్తా."

"వద్దులేరా, వాళ్ళ ఊరు శానా దూరం. మీరు పోయి రాండి."

మునిశేఖర్‌కి ఆ రోజంతా వెలితిగానే ఉంది. టెంకాయ కొట్టేటప్పుడు కూడా, అన్న ఉండుంటే బాగుండేది అని జ్ఞానాంబతో అన్నాడు. పొంగలి ప్రసాదం పొట్లం కట్టించుకుని, మైల తీరాక ఇవ్వాలని తీసిపెట్టి, అన్నాళ్ళు నిలవ ఉండదు కదా అని మళ్ళీ తనే తినేశాడు.

బండి పంతొమ్మిది రోజులు నడిచింది. దగ్గర దగ్గర బాడుగలు కాబట్టి నడిచింది. ఇరవయ్యో రోజు మామిడి గుజ్జు డ్రమ్ములు నింపుకుని బెంగుళూరుకి బయలుదేరింది. మొగిలి ఘాటు ఎక్కుతుండగా తెల్లటి పొగ మొదలైంది. వేడి చూపే ముల్లు చివరికి పోయింది. బండిని ఎలాగో పక్కకు లాగి రాళ్ళు పెట్టేసరికి ఇంజను ఒక్క కుదుపుతో బిగుసుకుపోయింది. వెనకాల బండ్లు హారన్లు కొట్టుకుంటూ పక్క నుంచి పోతున్నాయి.

బంగారుపాళెం నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. ఆయిల్ కడ్డీ లాగి చూపించాడు. నీళ్ళు కలిసి ఆయిలంతా మజ్జిగలా తెల్లబడి ఉంది. తర్వాత ఇంజను పైమూత విప్పాడు. మునిశేఖర్ వంగి చూశాడు.

లోపల బోల్టుల తలల మీద పసుపు గీతలు. వరసగా, ఒక్కటీ తప్పకుండా.

మెకానిక్ బోల్టులు విప్పి హెడ్డు పైకి లేపాడు. కింద ఇంజను బ్లాకులో వేలెడు పగులు. దాన్ని అతికించి, సాన పట్టి, పైకి కనబడకుండా మూసేశారు.

"దీన్ని మళ్ళా ఎవురూ ఇప్పలేదప్పా," అన్నాడు మెకానిక్. "ఈ పసుపు పెట్టినోడే సూసినాడు, వాడే మూసినాడు. ఎవురా మేస్త్రీ?"

మునిశేఖర్ పోయి రోడ్డు పక్క బండరాయి మీద కూర్చున్నాడు. ఇంజను పోయినందుకు కాదు, ఆ పగులు మీద ఆ చెయ్యి అంత శ్రద్ధగా గీతలు పెట్టినందుకు. మోసపు పని కూడా ఆయన నీటుగానే చేశాడు.

సరుకు వేరే బండిలోకి మార్పించి, బస్సెక్కి చిత్తూరు చేరాడు. మేస్త్రీ షెడ్డులో డీజిల్‌తో చేతులు కడుక్కుంటున్నాడు.

"ఏందిరా, బస్సులో దిగినావు?"

"బండి మొగిలి ఘాటులో నిలబడిపోయిందినా."

ఏమైంది అని మేస్త్రీ అడగలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఏ బండి నిలబడిపోయినా ఆయన నోట మొదట వచ్చే మాట అదే. ఈసారి రాలేదు.

"పసుపు సూసినా," అన్నాడు మునిశేఖర్.

మేస్త్రీ పాత గుడ్డతో చాలాసేపు వేళ్ళు తుడుచుకున్నాడు. "అల్లుడు కొన్న బండిరా అది. ఎవుడో వేలూరోడు వాణ్ణి ముంచినాడు. బిడ్డ వచ్చి నా కాళ్ళు పట్టుకోని ఏడ్సింది. నేనేం సేసేది? ఎవురికో ఒకరికి అమ్మాల కదా. నువ్వైతే పనితెలిసినోడివి, మెల్లగా నడుపుకుంటావనుకున్నా."

ఎవరికో ఒకరికి అన్నది అబద్ధం. ఇంకెవరైనా అయితే వెచ్చటి ఇంజను మీద చెయ్యి పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయేవాళ్ళు. ఆ బండిని జిల్లా మొత్తంలో ఒక్కడికే అమ్మగలరు, ఆ ఒక్కడెవరో మేస్త్రీకి బాగా తెలుసు. మునిశేఖర్‌కి ఆయన్ని తిట్టాలనీ, ఆ స్పానర్లన్నీ రోడ్డు మీద విసిరికొట్టాలనీ అనిపించింది. ఏదీ చేయలేదు.

"ఒక మాట అడగతా," అన్నాడు. "కాణిపాకం పోయిన దినం మైల అంటివే. ఆ దాయాది పేరేంది?"

మేస్త్రీ నోరు తెరిచాడు. ఏదో ఒక పేరు చెప్పాలి. చెబితే, ఎక్కడో సుఖంగా బతికున్న మనిషిని నోటితో చంపినట్టే. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు. మునిశేఖర్ బయటికి వచ్చేశాడు.

ఇల్లు చేరేసరికి సాయంత్రం పాలు పిండే వేళయింది. మిగిలిన ఒక్క ఆవూ తాడు లాగుతూ అరుస్తోంది. మునిశేఖర్ గడప తొక్కలేదు. వాకిట్లో తొట్టి దగ్గరికి పోయి, ఒంటి మీది బట్టలతోనే చెంబుతో నీళ్ళు ముంచి నెత్తిన గుమ్మరించుకున్నాడు. జ్ఞానాంబ గిన్నె కింద పెట్టి పరుగెత్తుకొచ్చింది.

"ఏందిది, ఎవురన్నా పోయినారా?"

"ధనంజయన్న."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో దేవుడా! ఎప్పుడు?"

"మనం కాణిపాకం పోయిన దినం," అని మునిశేఖర్ ఇంకో చెంబు ముంచుకున్నాడు.