నాలుగు చక్రాల ధైర్యం

మోటారు సైకిల్ ప్రమాదం, కారైతే భద్రం అని మా ఇంట్లో ఎవరైనా వాదన మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోతాను. ముసలమ్మకు కోపం ఎక్కువని నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. ఆ వాదన మా బాపు కూడా చేశాడు.

మాది చెన్నూరులో మగ్గం నేసే ఇల్లు. అక్కను కాగజ్‌నగర్‌లో మిల్లు పనివాడికి ఇచ్చారు. బావ పాత మోటారు సైకిల్ ఒకటి కొన్నాడు. దాని చప్పుడు వింటేనే బాపుకు ఒళ్లు మండేది. బావ రెండుసార్లు పడి మోచేతులు గీరుకున్నాడు కూడా, కాబట్టి బాపుది వట్టి చాదస్తమని అనలేను. అక్కకు ఏడో నెల రాగానే, తొలి కానుపుకు తీసుకురావడానికి, ఎరిగిన సావుకారును బతిమాలి కారు తెచ్చాడు. అవ్వా (అమ్మను అలాగే పిలిచేవాళ్లం) నేనూ వెంట వెళ్లాం.

తిరుగు ప్రయాణంలో అక్క మా ఇద్దరి మధ్య కూర్చుంది. బాపు ముందు, డ్రైవర్ పక్కన. దారిలో ఉన్న వాగు దాకా సాగనంపుతానని బావ మోటారు సైకిల్ మీద వెనకే వచ్చాడు. వాగు మీద అప్పట్లో వంతెన లేదు. రాళ్లు పరిచిన దారి మీంచే బండ్లు దాటేవి. పొద్దున మేం వచ్చినప్పుడు చీలమండల లోతున్న నీళ్లు ఇప్పుడు ఎర్రగా పొంగుతున్నాయి. రాళ్లు కనబడటం లేదు.

బావ బండి ఆపి, నీళ్లలోకి దిగి చూసి వచ్చాడు.

"మామా, పైన వాన పడ్డట్టుంది. ఇయ్యాల వాపస్ పోదాం. రేపు పోవచ్చు."

కానుపుకు బయల్దేరిన పిల్ల సగం దారిలో వెనక్కి తిరగకూడదని మావాళ్ల పట్టింపు. బాపు ముఖం చిట్లించాడు.

"కానుపుకు ఎల్లిన బిడ్డ ఎనుకకు మర్లద్దు. నీది రెండు చక్రాల బండి, జారుతది, గందుకే నీకు భయం. మాది కారు. ఫికర్ చెయ్యకు."

సగం దాటగానే ఇంజన్‌లోకి నీళ్లు పోయి కారు ఆగింది. ప్రవాహం తోస్తుంటే ఒక చక్రం రాళ్ల మీంచి జారి గుంతలో పడింది. కారు ఒక్కసారిగా ఒరిగింది. అక్క పొట్ట ముందు సీటుకు కొట్టుకుంది. కేక కూడా పెట్టలేదు. "అవ్వా" అని మెల్లగా అంది, అంతే. అది నాకు ఇప్పటికీ వినబడుతుంది.

బావ నడుముల్లోతు నీళ్లలో వచ్చి అక్కను ఎత్తుకుని, వచ్చిన ఒడ్డుకే చేర్చాడు. మేమూ ఒకరినొకరం పట్టుకుని అతని వెనకే ఒడ్డుకు చేరాం. ఆసుపత్రి అటే, బండీ అటే. అక్కకు రక్తం పోతోంది. ఆమెను బావ వెనక కూర్చోబెట్టి, ఆమె వెనక అవ్వను ఎక్కించారు. బాపు తన మగ్గం మీద నేసుకున్న తలరుమాలు విప్పి, అక్క చంకల కిందుగా చుట్టి బావకు కట్టాడు. వెనక్కి మర్లద్దన్న బిడ్డను తన చేతులతోనే వెనక్కి పంపాడు. నేత మనిషి వేసిన ముడి కదా, ఆసుపత్రిలో ఎవరు విప్పబోయినా ఊడక కత్తెరతో కోశారట. అక్క బతికింది. మగపిల్లవాడు చనిపోయి పుట్టాడు.

బావ బాపును ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

తర్వాత అక్క మళ్లీ నీళ్లోసుకుంది. ఏడో నెల వచ్చింది. అవ్వ రోజూ పోరు పెట్టింది, "బిడ్డను తోల్కరావా?" అని. బాపు మగ్గం ముందు నుంచి లేవలేదు.

"ఆడ్నే ఉండనియ్యి" అన్నాడు తలెత్తకుండా. "తోల్కచ్చే మొఖం నాకు లేదు."

ఆ నెలంతా అక్క పెట్టె సర్దుకుని వాకిట్లో కూర్చునేదని బావ చాలాకాలానికి చెప్పాడు. బాపు దేని మీద వచ్చినా సరే, వెళ్తానని అందట.