లంకకొక మునక

జమీందారీలు పోయాయి గాని, వాటి తాలూకు నడక మాత్రం మా ఇంట్లో ఇంకా పోని కాలం అది. ఏలూరులో మేడ పైభాగం ఒక ప్లీడరుగారికి అద్దెకిచ్చి, కింద వంటింటివైపు రెండు గదుల్లో సర్దుకుని, బయటికి వచ్చినప్పుడు మాత్రం మేడంతా మాదేనన్నట్టు నడిచేవాణ్ని. (ఆ గదుల గుమ్మాలు పనివాళ్ల ఎత్తుకు కట్టించినవి. తల వంచడం నాకు అలవాటు లేదు. నా నుదుటిమీద ఎప్పుడూ ఒక బొప్పి ఉండేది.) బి.ఏ. ప్యాసయ్యాను గాని, ఉద్యోగం ఇమ్మని ఒకరిని అడగడం నామోషీ. అలాంటి నన్ను పిలిచి పని చెప్పినవారు, ఒకప్పుడు మా తాతగారి పొలాలు కౌలుకు చేసిన గణపవరం వైపు రైతు. శాసనసభకు నిలబడ్డారు. చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయిగారు. "చినబాబుగారూ, నాకు మాటలొచ్చండి, రాతలు రావండి. ఉపన్యాసాలు మీరు రాసిపెట్టండి, నేను చెప్పేస్తాను" అన్నారు. ఒప్పుకున్నాను. ఇంట్లో మాత్రం అది ఉద్యోగం కాదనీ, సలహా ఇవ్వడమనీ చెప్పాను.

మెరక ఊళ్లలో గాలి సగం ఇటు, సగం అటు. గెలుపంతా కొల్లేటి లంకల్లో ఉంది. అక్కడ ఓటు మనిషిది కాదు, ఊరిది. పెద్దలు కూర్చుని ఒక మాట అనుకుంటే ఊరు ఊరంతా ఆ గుర్తుకే వేస్తుంది. అందుకని మిగిలివున్న మూడు లంకల మాట తీసుకోవడానికి, తాడేపల్లిగూడెంలో అచ్చువేయించిన కరపత్రాల కట్టతో ఒక ఉదయం దోనె ఎక్కాం. దోనె అంటే తాటిమానును నిలువునా తొలిచి చేసింది. అందులో ఉన్న నియమం ఒక్కటే, ఎక్కినవాడు కదలకుండా చతికిలబడాలి. నిలబడి గెడ వేసే హక్కు నడిపేవాడిదే. "కూకోండి బాబూ, ఇది దివాణం కాదండి, తాటిమానండి" అన్నాడు నడిపే ముసలాయన.

కూర్చున్నాను. కాని మొదటి లంక దగ్గరపడి, ఒడ్డున జనం కనిపించేసరికి మనసొప్పలేదు. మా వంశంవాడు ఒక ఊళ్లోకి చతికిలబడి రావడమా అనుకున్నాను. ఉత్తరీయం సవరించుకుని, నమస్కారం స్వీకరించడానికి అనువుగా లేచి నిలబడ్డాను. మరుక్షణం నేనూ, కరపత్రాలూ, కాబోయే శాసనసభ్యులూ కొల్లేట్లో ఉన్నాం. పైకి తేలేసరికి నా నెత్తిమీద గుర్రపుడెక్క మొక్క ఒకటి పువ్వుతో సహా ఉంది. బాబాయిగారు నడుంలోతు నీళ్లలో నిలబడి, విరగబడి నవ్వుతూ దోనె తిరగేసి, నన్ను వరిపనలా చంకనేసుకుని ఒడ్డుకు చేర్చారు. జనం నవ్వు ఆగలేదు. ఊరిపెద్ద కళ్లు తుడుచుకుని, బాబాయిగారితో "మా నాన్న వీళ్ల దివాణం ముందు పొద్దస్తమానం నిలబడ్డాడండి. జమీందారుగారి మనవణ్ణి మా నీళ్లలో ముంచి తీశారు మీరు. మా ఊరు మీకేనండి" అన్నాడు.

రెండో లంకకు మాకంటే ముందు కబురు చేరింది. "పక్క లంకలో మునిగారంటగదండీ" అన్నాడు ఒడ్డునుంచి అక్కడి పెద్ద.

"పొరపాటున జరిగిందండి" అన్నాను.

"మరి మా లంకేం తక్కువండి?"

నేను జవాబు ఆలోచించేలోగా దోనె ఒక పక్కకు ఒరిగింది. (ముసలాయన గాలి అన్నాడు. ఆకు కదలడం లేదు. ఆయనది ఆ ఊరేనని తర్వాత తెలిసింది.) ఆ ఊరి మాట కూడా దక్కింది.

మూడో లంక ఇంకా కొంత దూరం ఉండగానే బాబాయిగారు కిక్కిస పొదల మధ్య దోనె ఆపించారు. "చినబాబుగారూ, ఇంక చాలండి. మీరు కదలకుండా కూర్చోండి. అడిగితే కుదరదని నేను చెప్తాను."

"ఈ లంక పోతే ఎలక్షన్ పోతుంది కదండీ."

"పోతే మళ్లీ పొలం దమ్ము చేసుకుంటానండి. మీ తాతగారు నన్ను చాలా మాటలన్నారు, నిజమే. మా నాన్న పోయిన రోజున మాత్రం మా పాకదాకా నడిచొచ్చారండి. ఆయన మనవణ్ణి ఆటబొమ్మని చేసి నేను గెలవక్కర్లేదండి."

దోనె మళ్లీ కదిలింది. మూడో లంకవాళ్లు పెద్దల కోసం బల్లలు కూడా వేయించారు. పిల్లల్ని భుజాలకెక్కించుకున్నారు. బాబాయిగారు తల దించుకుని కూర్చున్నారు. ఆరు నెలలు ఊరూరా తిరిగిన మనిషి, కాళ్లు పగిలిపోయిన మనిషి, ఆ బల్లలకేసి చూడడం లేదు. "గెడ గట్టిగా పట్టుకో, ఆయన పడకూడదు" అని ముసలాయన చెవిలో చెప్పి నేను లేచాను. ఒడ్డుకు నమస్కారం పెట్టి, పల్లకీ దిగుతున్నంత తీరుగా కొల్లేట్లో కాలు పెట్టాను.

"బాగా పడ్డారండీ" అని ఒక ముసలమ్మ మెచ్చుకోవడం నీళ్లు కారుతున్న చెవుల్లో వినిపించింది.

బాబాయిగారు గెలిచారు. తర్వాత తర్వాత మంత్రి కూడా అయ్యారు. నేను రాసిన ఉపన్యాసాలు జేబులో పెట్టుకుని, తన మాటలే చెప్పి అందరినీ నవ్విస్తూ వచ్చారు. ఆయన గెలుపులో నా పాత్ర ఏమిటని ఎవరైనా అడిగితే, ఇప్పటికీ గంభీరంగా "సలహాలండి" అంటాను. కాని మూడో లంక దగ్గర గొంతులోతు నీళ్లలో నిలబడి, ఒడ్డున వాళ్లందరికంటే గట్టిగా నవ్విన ఆ ఇరవై మూడేళ్ల కుర్రవాడు ఒక్కోసారి గుర్తొస్తాడు. అంత హాయిగా నవ్వడం వాడికి ఎవరు నేర్పారో నాకు తెలియదు. నేను మాత్రం మళ్లీ అలా నవ్వలేకపోయాను.