బస్సు వెళ్లిందంది అత్తయ్య

మా అత్తయ్య పోయిందని పెడనలో అందరికీ ఫోన్లు చేసి చెప్పింది నేనే. ఆవిడ నాన్నకు అక్క, నన్ను పెంచిన మనిషి. ఫోనెత్తిన ప్రతివాళ్లదీ ఒకటే మాట, "అబద్ధమంటే ఎరగని మనిషమ్మా" అని. ఊఁ కొట్టాను గానీ లోపల భగ్గుమంది.

నిజమే, ఎరగదు. కలంకారీ అద్దేటప్పుడు అచ్చు వెంట్రుకవాసి పక్కకు జరిగితే, ఎవరి కంటా పడకపోయినా షావుకారును తనే పిలిచి చూపించేది. "కప్పెట్టి ఏం లాభమండీ? రేపు ఉతికితే మీకే తెలుస్తుంది" అనేది. చిన్నప్పుడు స్కూలు ఎగ్గొట్టడానికి నేను కడుపునొప్పి అంటే తిట్టేది కాదు. నా ముఖంలోకి చూస్తూ ఊరికే కూర్చునేది. కాసేపటికి నేనే లేచి పుస్తకాల సంచీ తగిలించుకునేదాన్ని.

ఈమధ్య అత్తయ్యకు పేగు మెలికపడితే బందరు ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. చెడిన ముక్క తీసేసి మిగతాది కలిపి కుట్టారు. పేగు మళ్లీ కదిలేదాకా నోట్లో ఏమీ పోయకూడదన్నారు. మర్నాడు డాక్టరుగారు పొట్టమీద స్టెతస్కోపు పెట్టి విని, "గ్యాస్ పోయిందా మామ్మగారూ?" అని అడిగారు.

"అప్పుడేనా బాబూ! మొన్ననేగా కొత్త బండ బిగించారు" అంది అత్తయ్య.

వార్డంతా నవ్వింది. ఆయన అడిగింది కడుపులో గాలి సంగతని తెలిశాక దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. మగవాళ్ల ముందు ఆ మాట చచ్చినా అననంది. "పోతే 'గుడివాడ బస్సు వెళ్లింది' అంటానే. నువ్వు చెప్పు ఆయనకి" అంది. డాక్టరుగారు సరేనన్నారు. "చప్పుళ్లు విని తేల్చలేనమ్మా. మీరు చెప్పే మాటే నాకు కొలత" అన్నారు.

ఆవిడ పస్తుంటే నాకు ముద్ద దిగలేదు. తినమని పోరింది, బతిమాలింది, చివరికి మాట్లాడటం మానేసింది. ఒక ఉదయం నవ్వుతూ "అమ్మాయ్, బస్సు వెళ్లింది" అంది. పరుగున వెళ్లి డాక్టరుగారికి చెప్పాను. గుక్కెడు నీళ్లు, అవి ఇమిడితే కొబ్బరినీళ్లు పట్టమన్నారు. ఆవిడ ఎదురుగానే నేను ఇడ్లీ తిన్నాను. కళ్లారా చూసింది.

సాయంత్రానికి పొట్ట బిర్రుగా ఉబ్బింది. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఐసీయూలోకి తీసుకెళ్లిన మనిషి మళ్లీ బయటికి రాలేదు.

సామాన్లకోసం వార్డుకు వెళ్తే, పక్క మంచంలోని గిలకలదిండి ఊరి పిన్నిగారు నా చెయ్యి పట్టుకుంది. "బస్సూ లేదు, ఏం లేదమ్మా. 'నాకు పెడితేగానీ ఆ మొండిది తినదు' అంది నాతో."

ఎంత మోసం! నిజం చెప్పమని పెంచిన మనిషి, తన అబద్ధాన్ని నా నోటితో చెప్పించింది. ఇంట్లో అందరూ దాన్ని ప్రేమంటున్నారు. ప్రేమే, కాదనను. కానీ 'నువ్వు తినకపోతే అబద్ధమాడతాను' అని నాతో ఒక్క మాట అనుంటే తినేదాన్ని కదా.

పెద్దకర్మనాడు ఫోటో ముందు ఆకు వేసి ఆవిడకిష్టమైనవన్నీ వడ్డించారు. గోంగూర, ముద్దపప్పు, వడలు, గడ్డపెరుగు. అందరూ దణ్నం పెట్టుకుని లేచారు. నేను లేవలేదు.

"తిను, చూస్తాను" అన్నాను.

ఈగలు వాలకుండా విసురుతూ, అన్నం మీద ఆవిరి పోయేదాకా అక్కడే కూర్చున్నాను.