ఏడ్చాకే మాట

“రాత్రిళ్ళు నిద్ర పడుతోందేమో అడుగమ్మా” అని డాక్టరు గారు మళ్ళీ అన్నారు. నేను మళ్ళీ మా భాషలో అడిగాను. పెద్దమ్మ కుర్చీ అంచున కూర్చుని కిటికీ వైపే చూస్తూ ఉండిపోయింది. గోడకు అవతల పక్కింటి మగ్గాలు టకటకమంటున్నాయి.

ఎమ్మిగనూరులో నేతపనివాళ్ళ వీధిలో అద్దెకు తీసుకున్న గది అది. మనసు బాగాలేని వాళ్ళను చూడటానికి డాక్టరు గారు ప్రతి గురువారం ఆదోని నుంచి వచ్చేవారు. నేను సుగాలి పిల్లను, హాస్టల్లో ఉండి ఏడో తరగతి దాకా చదివాను. తండాల నుంచి వచ్చేవాళ్ళ మాట ఆయనకూ, ఆయన మాట వాళ్ళకూ చెప్పడానికి నన్ను పెట్టుకున్నారు. నేనసలే వాగుడుకాయను, ఇక చెప్పాలా! కానీ ఆయన ఒక షరతు పెట్టారు. వచ్చినవాళ్ళను తాకకూడదు, వాళ్ళతోపాటు ఏడవకూడదు. “నువ్వే కూలబడితే వాళ్ళకు ధైర్యం ఎవరు చెబుతారు?” అనేవారు. మంచి మనిషే. ఆ మాటా మంచిదే అనుకున్నాను.

పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. మా తండా ఈ జిల్లాలోనే, కృష్ణగిరి పక్కన. ఆమెకు ఒక్కతే కూతురు, చిన్నప్పుడు నాకు రోజూ జడ వేసిన అక్క. కర్ణాటక వైపు పత్తి తీయడానికి పోయి, జ్వరమొచ్చి అక్కడే పోయింది. కబురు అందేసరికి మట్టి కూడా చేసేశారు. ఆ రోజు నుంచీ పెద్దమ్మ నోరు తెరవలేదు. ఈ మధ్య తిండి కూడా మానేసింది.

డాక్టరు గారు కలం పక్కన పెట్టి తలుపు దగ్గర నిలబడ్డ పెద్దనాయన వైపు చూశారు. “ఇలాగే ఉంటే దూరంగా ఉన్న పెద్దాసుపత్రికి పంపక తప్పదు. కాగితం రాసిస్తాను.”

పెద్దనాయన తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. “వద్దు సారూ. ఆడికి పోయినోళ్ళు తిరిగి రారంట గదా. మాట్లాడకపోయినా పోనీ, నా కండ్ల ముందర ఉండనీ.”

“తినకపోతే బతకదు నాయనా.”

“ఏం తింటాది సారూ? బిడ్డ పోయిన కబురు వచ్చినప్పుడు తండాలో ఆడోళ్ళే లేకపాయిరి. అందరూ కూలికి పోయినారు. ఎవుర్ని పట్టుకొని ఏడుస్తాది? వాళ్ళు తిరిగొచ్చేసరికి ఈమె రాయైపాయె.”

ఆ మాట వింటూనే పెద్దమ్మ వైపు తిరిగాను.

మా ఆడవాళ్ళు చాలా రోజులకు కలిస్తే ముందు మెడలు పట్టుకుని రాగం తీసి ఏడవాలి. ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, పంట ఏమైందో అంతా ఆ ఏడుపులోనే చెప్పుకోవాలి. ఆ తర్వాతే కళ్ళు తుడుచుకుని మామూలు మాటలు. ఏడవకుండా పలకరిస్తే అది పలకరింపే కాదు. మరి ఆ పొద్దున నేను చేసిందేమిటి? పెద్దమ్మ వీధిలో నన్ను చూసి చేతులు సగం చాపింది. అరుగుల మీద జనం చూస్తున్నారని సిగ్గుపడి, టౌను పిల్లలా దూరం నుంచే నమస్కారం పెట్టాను. ఆమె చేతులు కిందికి దించేసుకుంది. అంటే మేమింకా కలుసుకోనే లేదు! కలవని మనిషి నిద్ర గురించి అడిగితే ఎవరు చెబుతారు?

షరతు గుర్తుంది. అయినా పోయి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని మెడ చుట్టూ చేతులు వేశాను. రాగం మరిచిపోయానేమో అని భయం. మొదట బొంగురుగా వచ్చింది. పెద్దమ్మ ఒళ్ళు చెక్కలా ఉంది. ఆమె తల మీది ఓణీలో పొయ్యి పొగ వాసన, మా అమ్మ వాసన. ఎంత కాలమైందో! కాసేపటికి మోచేతుల పైదాకా ఉన్న తెల్ల గాజులతో సహా ఆమె చేతులు నా వీపు మీద బరువుగా పడ్డాయి. ఆమె గొంతు లేచింది.

నా బిడ్డకు కడసారి నీళ్ళు పోసిందెవరని ఏడ్చింది. ఏ చేను గట్టున పడుకోబెట్టారని ఏడ్చింది. నేను హాస్టల్లో ఉండగానే మా అమ్మ పోయింది. మట్టి చేశాకే చేరాను, మర్నాడే తిరిగొచ్చేశాను. తర్వాత తండా ముఖం చూడలేదు. అది కూడా రాగంలో పెట్టింది పెద్దమ్మ. “మీయమ్మ కోసం ఏడవకనే పోతివి కదే బిడ్డా, నీ వంతు ఏడుపు నాకాడ దాచిపెట్టినాను, తీసుకోవే” అంది. ఇక నాకు డాక్టరు గారూ లేరు, గదీ లేదు.

పక్కింట్లో మగ్గాలు ఆగిపోయాయి. నేసే అక్క కిటికీలో తల పెట్టింది. “ఏమ్మే, ఎవురు సచ్చిపోయిరి?”

“ఎవురూ సావలేదక్కా” అన్నాడు పెద్దనాయన కళ్ళు తుడుచుకుంటూ. “మావోళ్ళు మాట్లాడుకుంటాండారు.”

“ఇవేం మాటలప్పా, మా మగ్గాలే నిలిచిపాయె!”

డాక్టరు గారు నీళ్ళ గ్లాసు పట్టుకుని లేచారు, ఏం చేయాలో తోచక మళ్ళీ కూర్చున్నారు. ఏడుపు అయ్యాక పెద్దమ్మ ఓణీతో ముందు నా ముఖం, తర్వాత తన ముఖం తుడిచి ఏదో అంది.

“ఏమంటోంది?” అని ఆత్రంగా అడిగారాయన.

“తిన్నావా అంటోంది సార్.”

ఆయన ఆసుపత్రికి రాయబోయిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నిద్రకు మాత్రలు ఇచ్చారు. నన్ను తిడతారనుకున్నాను. “మూడేళ్ళుగా అందరినీ తలుపు మూసి ఒక్కొక్కరినే కూర్చోబెడుతున్నాను. నువ్వైనా చెప్పలేదేమ్మా?” అన్నారు. నిజమే, లోకమంతా వాగేదాన్ని, ఇది చెప్పలేదు. టౌనులో మా ఏడుపును చూసి నవ్వుతారని. తర్వాత ఆయన పెద్దనాయన వైపు తిరిగి, “వచ్చే గురువారం మీ తండాకే వస్తాను. నన్నెక్కడ కూర్చోమంటారు?” అని అడిగారు.

“కుర్చీలు లేవు సారూ. గొంగడి పరుస్తాము.”

పెద్దమ్మా, పెద్దనాయనా ఆ రాత్రి నా దగ్గరే ఉన్నారు. పెద్దమ్మ రెండు ముద్దలు తింది, రెండే. మర్నాడు మొదటి బస్సుకు వాళ్ళతో నేనూ బయలుదేరాను. తండా మొదట్లో కట్టెల మోపు దించుకుంటున్న ముసలామె నా చీర, చెప్పులు చూసి ఎవరో మేడమనుకుని నమస్కారం పెట్టబోయింది. చెప్పులు విడిచి, సంచి కింద పెట్టి, ఆమె చేతులు కలిసేలోపే మెడ పట్టుకున్నాను.